మీ ఊరి ప్రశ్నతో పరీక్షించండి

ప్రపంచంలో అతి పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం ఎక్కడ ఉంది? 2013 దాకా దీనికి జవాబు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్. పొడవు 1072.5 మీటర్లు. పోటీ పరీక్షలకు చదివిన ఒక తరమంతా ఈ జవాబును కంఠతా పట్టింది. ఆ ఏడాది అక్టోబరులో గోరఖ్‌పూర్‌లో 1366.33 మీటర్ల ప్లాట్‌ఫారం వాడకంలోకి వచ్చింది. 2023 మార్చి 12న కర్ణాటకలోని హుబ్బళ్ళి 1507 మీటర్లతో దాన్నీ మించిపోయింది. కేరళలోని కొల్లం ప్లాట్‌ఫారం పొడవు 1180.5 మీటర్లు కనుక ఖరగ్‌పూర్ ఇప్పుడు మొదటి మూడింటిలో కూడా లేదు.

ఖరగ్‌పూర్, గోరఖ్‌పూర్, హుబ్బళ్ళి అన్న మూడు జవాబులూ ఇంటర్నెట్‌లో ఇంకా ఉన్నాయి. ఖరగ్‌పూర్ అని రాసిన పేజీ అబద్ధం రాయలేదు, రాసిన రోజుకు అది నిజమే. ఆ పేజీని తేదీ చూపకుండా ఈరోజు మొదటి వరుసలో నిలబెట్టిన సెర్చ్ సాధనానిదే తప్పు. గోరఖ్‌పూర్ సంగతి మరింత ఆసక్తికరం. కొన్నిచోట్ల 1366.33 మీటర్లని, కొన్నిచోట్ల 1355.40 మీటర్లని కనిపిస్తుంది. మొదటి అంకె చివరనున్న ర్యాంపును కలుపుకొని కొలిచినది, రెండోది ర్యాంపు వదిలేసి కొలిచినది. రెండూ సరైనవే. కొలత ఎక్కడినుంచి ఎక్కడికో చెప్పిన పేజీ మాత్రమే చదివేవాడికి ఉపయోగపడుతుంది.

సెర్చ్ ఇంజన్లనూ, అనేక పత్రికల వార్తలను ఒకచోట పోగుచేసి చూపే అగ్రిగేటర్లనూ అంచనా వెయ్యడానికి ఇలాంటి ప్రశ్నకన్నా మంచి పరికరం నాకు కనపడలేదు. జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్న, మీ ఊరి ప్రశ్న, అడగండి. తెలియని విషయం అడిగినప్పుడు వచ్చిన జవాబు ఎంత మంచిదో తేల్చుకునే దారి మన దగ్గర ఉండదు. తెలిసిన విషయం అడిగితే సాధనం గుణం, లోపం రెండూ బయటపడతాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. ఆ ఇళ్ళలో సిగ్నల్, వర్క్‌షాపు, యార్డు అన్న మాటలు అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా దొర్లుతాయి. అలాంటి పాఠకుడి చేతిలో ఒక సెర్చ్ సైటు మంచిచెడ్డలను నిలదీయగల ప్రశ్నలు ఎన్నో ఉంటాయి.

ప్లాట్‌ఫారం ప్రశ్న తేలికైనది. బరువైన ప్రశ్న ఒకటి ఉంది.

2023 జూన్ 2 సాయంత్రం ఖరగ్‌పూర్ దాటి చెన్నై వైపు సాగిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఒడిశాలోని బహనగా బజార్ స్టేషను దగ్గర లూప్ లైనులోకి మళ్ళి, అక్కడ ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొంది. బెంగళూరు నుంచి హౌరా వెళ్తున్న బండి కూడా ఆ ప్రమాదంలో చిక్కుకుంది. ఆ స్టేషను ఆగ్నేయ రైల్వేలో ఖరగ్‌పూర్ డివిజన్‌ది. విజయవాడ, ఏలూరు, రాజమండ్రి వైపు ప్రయాణించేవాళ్ళు ఎక్కే బండి కోరమండల్. ఆ రాత్రి ఎన్ని తెలుగు ఇళ్ళలో ఫోన్లు చేతిలో పట్టుకొని వార్తలు చూశారో ఊహించుకోవచ్చు.

వార్తల సాధనాల పనితీరు ఆ వారం రోజుల్లో కనిపించినంత స్పష్టంగా మరెప్పుడూ కనిపించదు. మృతుల సంఖ్య మొదట 288 అన్నారు. కొన్ని మృతదేహాలను రెండుసార్లు లెక్కించినట్టు తేలడంతో ఒడిశా ప్రభుత్వం జూన్ 4న దాన్ని 275కి సవరించింది. జూన్ 6న మళ్ళీ 288 అయింది. ఆసుపత్రుల్లో చికిత్స పొందుతున్నవాళ్ళలో కొందరు చనిపోవడంతో తరువాత ఇంకా పెరిగింది. అంటే 288 అన్న అంకె రెండుసార్లు వచ్చింది, రెండుసార్లకూ అర్థం వేరు. మొదటిది తొందరలో వేసిన లెక్క, రెండోది సరిచూసిన లెక్క. వార్తలను గంటల క్రమంలో కాకుండా క్లిక్కుల క్రమంలో పేర్చే అగ్రిగేటర్‌లో ఈ రెండు వార్తలూ పక్కపక్కనే ఉంటే, వాటి మధ్య నడిచిన కథంతా మాయమైపోతుంది.

కారణం విషయంలో ఈ లోపం ఇంకా పెద్దది. మొదటి రోజున అందరినోటా 'కవచ్' మాటే. రైళ్ళు ఢీకొనకుండా ఆపే ఈ వ్యవస్థను 2022 మార్చి 4న దక్షిణమధ్య రైల్వేలో, గుల్లగూడ–చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి సమక్షంలో ప్రదర్శించారు. తెలంగాణ పాఠకులకు అది తెలిసిన పేరే. ఒడిశాలోని ఆ మార్గంలో అప్పటికి కవచ్ అమర్చలేదు. అది నిజం. అయితే అసలు ఏం జరిగిందన్నది జులైలో రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక తేల్చింది. గతంలో స్టేషను ఉత్తర దిక్కున ఉన్న సిగ్నల్ గూమ్టీలో (సిగ్నల్ పరికరాలుండే గదిలో) సర్క్యూట్ మార్చినప్పుడు జరిగిన లోపాలు, 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటుకు విద్యుత్ బ్యారియర్ మార్చే పనిలో జరిగిన లోపాలు కలిసి తప్పుడు సిగ్నల్‌కు దారితీశాయని అందులో ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. జూన్ 3 నాటి ఊహలకు వెబ్‌లో వేల ప్రతులు ఉంటాయి. జులై నాటి నివేదికకు వాటిలో చిన్న వంతు మాత్రమే ఉంటుంది, ఎందుకంటే అప్పటికి దేశం దృష్టి మరోవైపు మళ్ళింది. ఎక్కువమంది చూసినదాన్ని పైన పెట్టే సూత్రం ఏదైనా ఊహకే ఓటు వేస్తుంది. సాంకేతిక విషయాలు చదివేవాళ్ళకు కావలసింది మాత్రం నివేదికే. ఒక సాధనం మంచిదో కాదో తేల్చడానికి 'బహనగా ప్రమాద కారణం' అని అడిగి, మొదటి పది ఫలితాల్లో జులై తరువాతివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ ఒక్క అంకె ఆ సాధనం గురించి చాలా చెబుతుంది.

తాజాదనానికీ ప్రాధాన్యానికీ మధ్య ఉన్న ఈ తగాదా మీద ఖరగ్‌పూర్ ఐఐటీలోనే పరిశోధన జరిగింది. అక్కడి కంప్యూటర్ సైన్సు విభాగానికి చెందినవాళ్ళు, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్స్ సంస్థకు చెందినవాళ్ళు కలిసి 2017లో ప్రపంచ వెబ్ సదస్సులో ఒక పత్రం సమర్పించారు. కొత్త వార్తలనే పైన పెడితే వాటిలో ఏది ముఖ్యమో ఇంకా ఎవరికీ తెలియదు. ముఖ్యమని తేలేదాకా ఆగితే వార్త పాతబడుతుంది. ఈ వార్తకు ఇప్పటికే వచ్చిన ఆదరణ కాదు, ఇకముందు రాబోయే ఆదరణ ఎంత అన్నది అంచనా వేసి వరుస పేర్చాలని వాళ్ళు ప్రతిపాదించారు.

అగ్రిగేటర్ల వెనక ఉన్న సూత్రం ఎంత చిన్నదైనా కావచ్చు. సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవాళ్ళు చాలామంది రోజూ తెరిచే హ్యాకర్ న్యూస్ 2007లో మొదలైంది. దాని పాత కోడ్ బయట అందుబాటులో ఉంది. అందులోని సూత్రానికి తరచూ చెప్పే సరళ రూపంలో, వార్తకు వచ్చిన ఓట్లలోంచి ఒకటి తీసేసి, ఆ వార్త వయసు గంటల్లో ఎంతో దానికి రెండు కలిపి, వచ్చినదాన్ని 1.8 ఘాతానికి పెంచి, దానితో భాగిస్తారు. 11 ఓట్లు వచ్చిన గంట వయసున్న వార్తకు సుమారు 1.38 వస్తుంది. 101 ఓట్లు వచ్చిన పది గంటల వయసున్న వార్తకు 1.14 మాత్రమే. తొమ్మిది రెట్లకు పైగా ఓట్లు వచ్చిన వార్త కిందికి దిగిపోయింది. ఇది తప్పని నేననను. రోజులో రెండుసార్లు తెరిచి చూసేవాళ్ళకు ఇది సరైన సూత్రమే. వారానికోసారి తీరికగా చదివేవాళ్ళకు మాత్రం ఇదే సూత్రం అన్యాయం చేస్తుంది. సాధనం మంచిదా అని అడిగేముందు మీరు ఎప్పుడెప్పుడు చదువుతారో మీరే చెప్పుకోవాలి.

ఖరగ్‌పూర్ ఐఐటీ నుంచి వచ్చిన మరో పని 2016 నాటిది. ఎర వేసే శీర్షికలను, అంటే క్లిక్‌బైట్‌ను, పసిగట్టే 'స్టాప్ క్లిక్‌బైట్' అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్. బజ్‌ఫీడ్, అప్‌వర్తీ లాంటి సైట్ల శీర్షికలను ఒకవైపు, వికీన్యూస్ శీర్షికలను ఇంకోవైపు పెట్టి అవి ఎలా తేడాగా ఉన్నాయో చూశారు. మామూలు వార్తా శీర్షికలో మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, విషయం చెప్పే మాటలు ఉంటాయి. వాక్యాన్ని కలిపే చిన్నచిన్న మాటలను వదిలేస్తారు. ఎర శీర్షిక పూర్తి వాక్యంలా ఉంటుంది, చిన్నమాటలు దండిగా ఉంటాయి, 'మీరు', 'ఇది' అంటూ చదివేవాడి చెయ్యి పట్టుకుంటుంది, అసలు విషయం మాత్రం దాచేస్తుంది. తమ పద్ధతి ఎర శీర్షికలను 93 శాతం కచ్చితత్వంతో గుర్తుపట్టిందని వాళ్ళు ప్రకటించారు.

ఆ లక్షణాలు ఇంగ్లీషువి. తెలుగులో ఎర వేరే రూపంలో ఉంటుంది: 'ఎవరో తెలుసా?', 'చివరికి ఏమైందంటే', 'ఈ ఒక్క సెట్టింగ్ మారిస్తే చాలు', 'ఆ కంపెనీ సంచలన నిర్ణయం'. నాలుగింటిలోనూ పేరు లేదు. తెలుగు టెక్నాలజీ శీర్షికను తూచడానికి నేను వాడే కొలత ఇదే. శీర్షికలో సంస్థ పేరు, వస్తువు పేరు, అంకె, తేదీ ఈ నాలుగింటిలో కనీసం రెండు ఉన్నాయా? ఒక అగ్రిగేటర్ మొదటి ఇరవై శీర్షికలకు ఈ పరీక్ష పెడితే అయిదు నిమిషాలు కూడా పట్టదు.

ఇలా లెక్కపెట్టి తూచే అలవాటుకు మూలపురుషుడు ఒక లైబ్రేరియన్. ఇంగ్లండులో క్రాన్‌ఫీల్డ్ ఏరోనాటిక్స్ కళాశాలలో పనిచేసిన సిరిల్ క్లెవర్‌డన్. 1960లలో ఆయన విమానశాస్త్రానికి సంబంధించిన 1400 పత్రాలను పోగుచేసి, ప్రశ్నలను పరిశోధకుల చేతే రాయించి, ఏ పత్రం ఏ ప్రశ్నకు పనికొస్తుందో ముందే తేల్చిపెట్టుకున్నాడు. ఆ తరువాతే వెతికే పద్ధతులకు పోటీ పెట్టాడు. అంతవరకు గ్రంథాలయ పండితులు వాదించుకుంటున్న విషయం కాస్తా కొలవగలిగే విషయమైంది. 1992లో అమెరికాలో మొదలైన ట్రెక్ పోటీలు ఆ దారిలోనే సాగాయి. ఖరగ్‌పూర్ నుంచి రైల్లో రెండు గంటల దూరంలో ఉన్న కలకత్తాలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పూనికతో 2008లో 'ఫైర్' అనే వేదిక మన భాషలకోసం అదే పని చేపట్టింది. ఆనందబజార్ పత్రిక, టెలిగ్రాఫ్ లాంటి దినపత్రికల పాత వార్తలే అక్కడ పరీక్ష సామగ్రి అయ్యాయి.

క్లెవర్‌డన్ వాడిన రెండు కొలతలను ఎవరైనా ఇంట్లో వాడుకోవచ్చు. వచ్చిన ఫలితాల్లో పనికొచ్చేవి ఎంత వంతు అన్నది ప్రిసిషన్. పనికొచ్చేవాటన్నిటిలో ఎంత వంతు వచ్చాయన్నది రీకాల్. రెండోదానికి ఒక చిక్కుంది. వెబ్‌లో పనికొచ్చేవి మొత్తం ఎన్నో ఎవరికి తెలుసు? ట్రెక్ పోటీల్లో దీనికి ఒక ఉపాయం వాడారు. పోటీలో ఉన్న సాధనాలన్నీ ఇచ్చిన పై ఫలితాలను ఒకే కుప్పగా పోసి, ఆ కుప్పలో పనికొచ్చేవాటినే మొత్తంగా తీసుకుంటారు. మీరు మూడు సైట్లలో ఒకే ప్రశ్న అడిగారనుకుందాం. మూడింటి మొదటి పది ఫలితాలూ కలిపి, మళ్ళీ మళ్ళీ వచ్చినవి తీసేస్తే, పనికొచ్చేవి 14 మిగిలాయనుకుందాం. ఒక సైటు ఇచ్చిన పదిలో 7 పనికొస్తే దాని ప్రిసిషన్ 0.7, రీకాల్ 0.5. ఇంకో సైటు ప్రిసిషన్ 0.5 మాత్రమే అయినా, మిగతా రెండూ చూపని నివేదికను మొదటి స్థానంలో చూపించి ఉండొచ్చు. అందుకని పనికొచ్చే మొదటి ఫలితం ఎన్నో స్థానంలో ఉందన్నది కూడా రాసుకోవాలి.

మళ్ళీ మళ్ళీ వచ్చినవి తీసెయ్యడం అన్నాను. అది పైకి కనిపించినంత చిన్న పని కాదు. గూగుల్ ఇంజనీర్లు 2007లో ప్రచురించిన పద్ధతిలో ప్రతి పేజీకి 64 బిట్ల వేలిముద్ర తయారవుతుంది. రెండు పేజీల వేలిముద్రల్లో మూడు బిట్లకు మించి తేడా లేకపోతే అవి దాదాపు ఒకటే అని తీర్మానిస్తారు. 800 కోట్ల పేజీల మీద ఇది పనిచేస్తుందని చూపించారు. ఇంత బలమైన పద్ధతికీ భాష అనే గోడ అడ్డు. ఒక వార్తాసంస్థ ఢిల్లీలో ఇంగ్లీషులో విడుదల చేసిన వార్తను మూడు తెలుగు పత్రికలు మూడు విధాలుగా అనువదిస్తే వేలిముద్రలు మూడూ వేరవుతాయి. అగ్రిగేటర్ వాటిని మూడు వేరువేరు వార్తలుగా చూపుతుంది. చదివేవాడు మూడు పత్రికలూ రాశాయి కనుక నిజమై ఉంటుందనుకుంటాడు. నిజానికి చూసిన కళ్ళు ఒక్క జతే. పది లింకులు చూసినప్పుడు వాటి వెనక అసలు మూలాలు ఎన్నో లెక్కపెట్టండి అన్నదే ఈ అధ్యాయంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచిన మాట. ప్రతి వార్తలోనూ 'ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు' అన్న వాక్యం ఎక్కడుందో వెతకండి. పరిశోధన పత్రమా, కంపెనీ ప్రకటనా, పార్లమెంటులో మంత్రి జవాబా? అక్కడికి తీసుకెళ్ళే లింకు ఉంటే ఆ వార్తకు ఒక మార్కు. లేకపోతే సున్నా.

తెలుగులో వెతకడం చాలాకాలం ఇంకా కష్టంగా ఉండేది. 2000ల మొదట్లో తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళు వాడేవి. తెర మీద తెలుగు అక్షరమే కనిపించేది కాని, లోపల నిల్వ ఉన్నది వేరే సంకేతం. ఒక పత్రికలో 'రైలు' అన్న మాటకూ ఇంకో పత్రికలో అదే మాటకూ యంత్రం దృష్టిలో సంబంధమే లేదు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో తయారైన వెబ్‌ఖోజ్ అనే సెర్చ్ ఇంజన్ ఇలాంటి రకరకాల సంకేతాలన్నిటినీ ఒకే రూపంలోకి మార్చి వెతికేది. దాని గురించిన పత్రం 2006లో వచ్చింది. తెలుగు బ్లాగులను ఒకచోట చూపిన కూడలి కూడా ఆ కాలానిదే. యూనికోడ్ అంతటా వ్యాపించాక ఆ గోడ కూలింది.

చిన్న గోడలు ఇంకా ఉన్నాయి. ఈ అధ్యాయంలో ఖరగ్‌పూర్ అన్న ప్రతిచోటా 'గ్' తరువాత కంటికి కనపడని ఒక సంకేతం ఉంది. 'గ్' కింద 'ప' ఒత్తుగా చేరిపోకుండా ఆపేది అదే. అది లేకుండా టైపు చేస్తే 'ఖరగ్పూర్' వస్తుంది. ఖరగపూర్ అని, ఖర్గపూర్ అని రాసేవాళ్ళూ ఉన్నారు. పైగా మన భాషలో విభక్తి మాటకు అతుక్కుంటుంది: ఖరగ్‌పూర్‌లో, ఖరగ్‌పూర్‌కు, ఖరగ్‌పూర్‌నుంచి. మంచి సాధనం వీటన్నిటినీ ఒకే ఊరిగా గుర్తించాలి. ఒక్కో రూపంతో వెతికి చూడండి. ఫలితాలు దాదాపు ఒకటిగా వస్తే దానికి తెలుగు తెలుసు. పూర్తిగా మారిపోతే అది అక్షరాలను పోల్చి చూస్తోంది, అంతే.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకు మరో ఇబ్బంది ఉంది. వార్తల యాప్‌లు సాధారణంగా పాఠకుణ్ణి భాషతోనూ ఊరితోనూ గుర్తిస్తాయి. తెలుగు ఎంచుకుంటే హైదరాబాదు, అమరావతి వార్తలు వస్తాయి. ఫోను ఉన్న చోటును బట్టి ఇవ్వమంటే బెంగాలీ వార్తలు వస్తాయి. తమ ఊరి వార్త తమ భాషలో కావాలనుకునే మనిషికి ఆ పట్టికలో గడి లేదు. ముంబయి, సూరత్, బళ్ళారి, బరంపురం తెలుగువాళ్ళదీ ఇదే పరిస్థితి. అందుకే భాషనూ ప్రాంతాన్నీ విడివిడిగా ఎంచుకోనిచ్చే సాధనానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. అది లేనిచోట వార్తను బెంగాలీలోనో ఇంగ్లీషులోనో వెతికి, తెలుగు కథనంతో పోల్చుకోవడమే దారి.

ప్రశ్నల జాబితా తయారుచేసుకునేటప్పుడు నాలుగు రకాలూ ఉండేలా చూసుకోండి. ఎప్పటికీ మారని జవాబున్నది ఒకటి: ఖరగ్‌పూర్ ఐఐటీ 1951లో ఏ కట్టడంలో మొదలైంది? బ్రిటిష్ ప్రభుత్వం స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన హిజ్లీ క్యాంపులో. కాలంతో మారిన జవాబున్నది ఒకటి: ప్లాట్‌ఫారం. మొదటి ఊహకూ చివరి నివేదికకూ తేడా ఉన్నది ఒకటి: బహనగా. నాలుగోది అసలు జవాబే లేని ప్రశ్న. ఖరగ్‌పూర్ మెట్రో రైలు ఏ తేదీన ప్రారంభమైంది? ఆ ఊళ్ళో మెట్రో లేదు. లింకులకు బదులు తానే ఒక పేరా రాసి చూపే కృత్రిమ మేధ సాధనాలు పెరిగాక ఈ నాలుగో రకం అన్నిటికన్నా అవసరమైంది. అలాంటి మెట్రో లేదని చెప్పిందా, కలకత్తా మెట్రో తేదీని తెచ్చి అతికించిందా, ఎక్కడా లేని తేదీని పుట్టించిందా అన్నది రాసుకోండి. అదే ప్రశ్నను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అడిగి, రెండు జవాబులనూ తేదీతో సహా పక్కపక్కన పెట్టుకోండి. ఈ సాధనాల వరుస పేర్చే పద్ధతులు చెప్పకుండానే మారుతుంటాయి కనుక, ఆరునెలల తరువాత అవే ప్రశ్నలను మళ్ళీ అడగండి.